మూడో తీగ ఎక్కడ? – నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కాలేజీల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, కాలేజీ యాజమాన్యాల వారికి, కెమిస్ట్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం. కావలి ప్రాంతంలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ ఉత్తరం మా కాలేజీ మేనేజ్‌మెంటుకి మాత్రమే రాసి ఊరుకోవచ్చు. కానీ ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా నేను రెండు జిల్లాల్లోనూ తిరిగాను. వెళ్లిన ప్రతి ల్యాబులోనూ ఒకటే లోటు కనిపించింది: మూడు ఎలక్ట్రోడులతో వోల్టేజిని సరిగా కొలిచే ఏర్పాటు, దాన్ని నడిపే పొటెన్షియోస్టాట్ పిల్లల చేతికి అందడం లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి సంగతి. ఫైనలియర్ ప్రాజెక్టుల వైవా జరుగుతోంది. మా స్టూడెంటు ఒకమ్మాయిది విడవలూరు వైపు ఊరు, వాళ్ల నాన్నకి రెండు రొయ్యల గుంటలున్నాయి. ఏరేటర్ల ఇనప ఫ్రేములు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి ఊడిపోతుంటే, గుంట నీళ్లలో ఇనుము ఎంత తొందరగా తినేస్తుందో కొలుస్తానని ప్రాజెక్టు పెట్టుకుంది. మా దగ్గర ఉన్నవి ఒక బ్యాటరీ ఎలిమినేటర్, ఒక అమ్మీటర్, రెండు ఇనప పట్టీలు. నెల రోజులు కష్టపడింది. పొద్దున ఒక రీడింగు, సాయంత్రం ఇంకో రీడింగు. పట్టీలు కాస్త దూరం జరిపితే మళ్లీ కొత్త రీడింగు. రికార్డు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది.

ఎక్స్‌టర్నల్ గారు రికార్డు తిరగేసి, చాలా నెమ్మదిగా అడిగారు: "0.6 వోల్టులు అని రాశావమ్మా. దేనితో పోలిస్తే?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. దానికి జవాబు థియరీలో నేను చెప్పిందే, పరీక్షలో తను రాసిందే. అయినా ఆ క్షణాన తన దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ రెండు పట్టీల ఏర్పాటులో ఆ ప్రశ్నకు జవాబంటూ లేదు. ఆ తప్పు పిల్లది కాదు.

కెమిస్ట్రీతో పరిచయం లేని కరస్పాండెంట్లు కూడా ఇది చదవాలి కాబట్టి సంగతి విడమర్చి చెబుతాను. ఉప్పునీళ్లలో రెండు లోహపు పట్టీలు ముంచి 1 వోల్టు ఇచ్చామనుకోండి. ఆ వోల్టులో కొంత మొదటి పట్టీ దగ్గర ఖర్చవుతుంది, కొంత రెండో పట్టీ దగ్గర, మిగిలింది మధ్యలో ఉన్న నీటి నిరోధానికి పోతుంది. మనకి కావలసిన పట్టీ వాటాకి ఎంత వచ్చిందో వోల్ట్‌మీటర్ చెప్పదు, అది మొత్తమే చూపిస్తుంది. ప్రతి రైల్వే స్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉంటుంది కదా. ఆ సముద్రమట్టం అనే మాట తీసేస్తే మిగిలిన అంకెకి అర్థం ఉండదు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఆ సముద్రమట్టం పని చేసేది రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. పాదరసపు లవణంతో చేసే శాచురేటెడ్ కాలమెల్ ఎలక్ట్రోడ్ అయితే, అందరూ సున్నాగా తీసుకునే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కంటే 0.241 వోల్టులు పైన ఉంటుంది. శాచురేటెడ్ పొటాషియం క్లోరైడులో ముంచిన సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ అయితే 0.197 వోల్టులు పైన. రెండింటికీ 44 మిల్లీవోల్టుల తేడా. దేనితో కొలిచామో రాయకపోతే ఆ 44 మిల్లీవోల్టులు గాలికి పోయినట్టే.

అయితే ఈ సముద్రమట్టం స్థిరంగా ఉండాలంటే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గుండా కరెంటు పారకూడదు. పారితే అదీ కదిలిపోతుంది. అందుకే మూడో తీగ కావాలి. మనం పరీక్షిస్తున్న వర్కింగ్ ఎలక్ట్రోడ్ ఒకటి, పోల్చుకోవడానికి రిఫరెన్స్ ఒకటి, కరెంటు మోయడానికి కౌంటర్ ఒకటి. ఈ మూడింటినీ నడిపించే పరికరమే పొటెన్షియోస్టాట్.

అది ఎలా పనిచేస్తుందో పిల్లలకి కాలువ షట్టర్లు చూసుకునే లస్కరుతో పోల్చి చెబుతాను. పెన్నా కాలువల కింద సేద్యం చేసే ఇళ్ల పిల్లలు కాబట్టి వెంటనే పట్టుకుంటారు. లస్కరు కళ్లు ఎప్పుడూ గేజి రాయి మీదే ఉంటాయి. నీళ్లు గుర్తుకన్నా తగ్గితే షట్టరు ఎత్తుతాడు, పెరిగితే దించుతాడు. గేజి రాయి నీళ్లని తాగదు, మట్టం ఎంతో చెబుతుందంతే. పొటెన్షియోస్టాట్‌లో గేజి రాయి రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, షట్టరు కౌంటర్ ఎలక్ట్రోడ్, లస్కరు ఒక ఆంప్లిఫయర్. మనం చెప్పిన వోల్టేజి దగ్గర మట్టాన్ని నిలబెట్టడానికి ఎంత కరెంటు వదలాల్సి వచ్చిందో కొలుస్తాం. గాల్వనోస్టాట్ దీనికి తిరగేసిన పని చేస్తుంది. ఇన్ని క్యూసెక్కులు వదులు అని ముందే చెప్పి, మట్టం ఎటు పోతోందో చూస్తూ కూర్చోవడం. కరెంటు మన చేతిలో, వోల్టేజి దాని ఇష్టం.

ఈ లస్కరు పని ఒకప్పుడు మనుషులే చేసేవారు. నిరోధాన్ని మార్చే రియోస్టాట్ జరుపుతూ, మీటరు ముల్లు చూస్తూ, మళ్లీ జరుపుతూ గంటలు గడిపేవారు. చెక్ శాస్త్రవేత్త యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1922లో పాదరసం చుక్కలతో పోలరోగ్రఫీ మొదలుపెట్టాడు, అంటే వోల్టేజి మారుస్తూ కరెంటు ఎలా మారుతుందో చూసే పద్ధతి. రెండేళ్లకి జపాన్‌కి చెందిన మసూజో షికాతాతో కలిసి కరెంటు–వోల్టేజి గీత దానంతటదే నమోదయ్యే యంత్రం తయారుచేశాడు. పోలరోగ్రఫీకే హెయ్‌రోవ్‌స్కీకి 1959లో నోబెల్ వచ్చింది. వోల్టేజిని దానంతటదే పట్టి ఉంచే పరికరాన్ని వివరించి, దానికి పొటెన్షియోస్టాట్ అని పేరు పెట్టినవాడు ఇంగ్లండ్‌కి చెందిన హిక్లింగ్, అది 1942లో. అంటే ఎనభై ఏళ్లు దాటింది. ఆ పేరు మన థియరీ పేపర్లో ఉంది, మన టేబుల్ మీద లేదు.

మన జిల్లాల పిల్లలకి ఇంత పెద్ద సామాను దేనికి, ఎమ్మెస్సీకి వెళ్లినప్పుడు చూస్తారులే అని ఒక మీటింగులో పెద్దాయన ఒకరు అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఆ సామాను మన పిల్లల ఇళ్లలో ఇప్పటికే ఉంది. తెల్లవారుజామున మూడింటికి టార్చిలైటుతో గుంట గట్టు మీదకి వెళ్లి ఆక్సిజన్ ఎంతుందో చూసుకునే రైతు చేతిలో డీవో మీటరుంటుంది. అది పోలరోగ్రాఫిక్ రకానిదైతే దాని మొనలో లీలండ్ క్లార్క్ 1950లలో తయారుచేసిన ఎలక్ట్రోడే ఉంటుంది. సన్నని ప్లాస్టిక్ పొర వెనక ప్లాటినమో బంగారమో పెట్టి, వెండితో పోలిస్తే సుమారు మైనస్ 0.7 వోల్టుల దగ్గర నిలబెడతారు. పొర దాటి వచ్చిన ఆక్సిజన్ ఎంతో, కరెంటు అంత. మీటరు ఆన్ చేశాక పది నిమిషాలు ఆగాలని రైతుకి అనుభవం మీద తెలుసు. ఎందుకు ఆగాలో ఆ ఇంటి బీఎస్సీ పిల్ల చెప్పగలగాలి కదా. ఇక అమ్మమ్మ మందుల డబ్బా పక్కన ఉండే గ్లూకోమీటర్ కూడా కొన్ని సెకన్లపాటు స్ట్రిప్పుని ఒక వోల్టేజి దగ్గర పట్టి, మైక్రోఆంపియర్లు కొలిచే చిన్న యంత్రమే. జేబులో ఫోను ఛార్జి అయ్యేటప్పుడు ముందు స్థిరమైన కరెంటు ఇస్తుంది, బ్యాటరీ సుమారు 4.2 వోల్టులకి చేరాక వోల్టేజిని నిలబెట్టి కరెంటుని తగ్గనిస్తుంది. గాల్వనోస్టాట్‌గా మొదలై పొటెన్షియోస్టాట్‌గా ముగుస్తుంది. ఇవన్నీ వాడుతున్న పిల్లలకి ఆ పేర్లు బట్టీ పట్టిస్తున్నాం.

ఫ్లోరైడు సంగతి విడిగా చెప్పాలి. మన దేశంలో మనుషులకి వచ్చే ఫ్లోరోసిస్ గురించి 1937లో షార్ట్, ఆయన సహచరులు రాసిన తొలి నివేదిక నెల్లూరు జిల్లా నుంచి వచ్చిందే. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఆ ఊళ్ల నుంచి గారపట్టిన పళ్లతో వచ్చి మా క్లాసుల్లో కూర్చున్న పిల్లలున్నారు. ఫొటో దిగేటప్పుడు నోరు మూసుకుని నవ్వుతారు. నీటిలో ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. దీన్ని కొలవడానికి 1966లో వచ్చిన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడ్ చాలా చక్కని సాధనం. ఫ్లోరైడు పదింతలైతే దాని వోల్టేజి 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఈ లెక్కన 1కీ, 1.5కీ మధ్య తేడా ఎంతో నేను ప్రతి ఏడాదీ పిల్లల చేత వేయిస్తాను. వచ్చే జవాబు 10.4 మిల్లీవోల్టులు. అంతే!

తాగొచ్చు అనడానికీ తాగకూడదు అనడానికీ మధ్య ఉన్నది పది మిల్లీవోల్టులు. ఒక్క మిల్లీవోల్టు తప్పు చదివితే ఫలితంలో నాలుగు శాతం తప్పు. రిఫరెన్స్ ఎలక్ట్రోడులో ద్రావణం ఆరిపోయి నాలుగైదు మిల్లీవోల్టులు జరిగినా, నీళ్ల నాణ్యత మీద మనమిచ్చే తీర్పు తారుమారైపోవచ్చు. పైగా ఏప్రిల్‌లో మన ల్యాబులు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు ఆ 59 కాస్తా 62 అవుతుంది. రికార్డుల్లో మాత్రం పిల్లలందరూ 59 అనే వేస్తారు, ఎందుకంటే పుస్తకంలో అలాగే ఉంది. మార్కులూ పడతాయి. వోల్టేజి కొలవడం చేతికి రావడం అంటే ఈ తేడాలు కంటికి ఆనడం. ఇది నల్లబల్ల మీద రాసి నేర్పగలిగేది కాదు.

మీటరు సంగతీ అంతే. మామూలు డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం 10 మెగాఓములు. పీహెచ్ కొలిచే గాజు ఎలక్ట్రోడ్ నిరోధం 100 మెగాఓములో, అంతకన్నా ఎక్కువో. ఈ రెండింటినీ కలిపితే అసలు వోల్టేజిలో పదకొండో వంతు మాత్రమే కనిపిస్తుంది. కొలిచే పరికరమే కొలవాల్సినదాన్ని మింగేస్తుంది. మా పిల్లలు ఒకసారి దీన్ని స్వయంగా చేసి చూశారు. అంతవరకు మీటరు చెప్పింది వేదం అనుకునేవాళ్లు, ఆ రోజు నుంచి ప్రతి మీటరుకీ లోపలి నిరోధం ఎంతని అడుగుతున్నారు. నాకు అంతకంటే సంతోషం ఇంకేముంటుంది!

ఇప్పుడు డబ్బు మాటకి వస్తాను. కొనలేకపోవడమే కాదు, కొన్నది వాడలేకపోవడం కూడా చూశాను. ఒక కాలేజీలో గ్రాంటు వచ్చినప్పుడు లక్షలు పెట్టి విదేశీ పొటెన్షియోస్టాట్ తెప్పించారు. నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు చూపించమని అడిగితే బీరువా తాళం కోసం అరగంట వెతికారు. యంత్రం మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. దాని డబ్బాలో కాలమెల్ ఎలక్ట్రోడ్ ఉంది. రబ్బరు మూత ఎండి పగిలిపోయింది. గాజు గొట్టంలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం పూర్తిగా ఆరిపోయి తెల్లటి పెచ్చుగా గోడకి అంటుకుంది. మొన దగ్గర ఉప్పు పువ్వులా పూసింది. ద్రావణం తగ్గినప్పుడల్లా కలిపి నింపుతూ ఉంటే ఏళ్ల తరబడి పనిచేసే వస్తువది. స్టాక్ రిజిస్టర్లో మాత్రం కండిషన్ గుడ్ అని సంతకం ఉంది. పాడైతే ఎవరు కట్టాలన్న భయంతో ఎవరూ ముట్టుకోలేదట. ఆ లెక్చరర్ని నేను తప్పుపట్టను. భయపెట్టే పద్ధతి మనదే.

మేం వేరే దారి పట్టాం. సింగరాయకొండ నుంచి వచ్చే ఒక అబ్బాయికి ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం. వాడూ నేనూ కలిసి, అతుకు పెట్టకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు మీద ఒక పొటెన్షియోస్టాట్ కట్టాం. టీఎల్074 అనే ఒక్క ఐసీలో నాలుగు ఆంప్లిఫయర్లుంటాయి. ఒకటి లస్కరు. ఒకటి రిఫరెన్స్ నుంచి కరెంటు లాగకుండా వోల్టేజి చదివేది, అది తాగేది పికోఆంపియర్లలోనే. ఒకటి కరెంటుని వోల్టేజిగా మార్చేది: 1 కిలోఓము రెసిస్టర్ పెడితే 1 మిల్లీఆంపియరుకి 1 వోల్టు చూపిస్తుంది. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా పరీక్ష ఆగదు. వర్కింగ్ ఎలక్ట్రోడుకి పెన్సిల్ ములుకు, కౌంటరుకి పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీ. రిఫరెన్సుకి కంసాలి దగ్గర మేలిమి వెండి తీగ బెత్తెడు కొనుక్కొచ్చి, హైపోక్లోరైట్ బ్లీచింగ్ ద్రావణంలో ముంచాం. తళతళలాడే తీగ మెల్లగా బూడిద రంగు తిరిగి, వంకాయ ఛాయలోకి వచ్చింది. అదే సిల్వర్ క్లోరైడ్ పూత. ఆ రంగు మారుతుంటే పిల్లలు బీకరు చుట్టూ తలలు ఆనించి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

పొటాషియం ఫెర్రిసైనైడ్ ప్రతి ల్యాబులో ఉంటుంది. దానితో సైక్లిక్ వోల్టామెట్రీ చేశాం, అంటే వోల్టేజిని ఎక్కించి దించుతూ కరెంటు గీత గీయడం. ఆ ఎక్కించి దించే పని ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి అప్పగించాం. మొదటి గ్రాఫు అంతా గజగజ వణికింది. గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటు తీగల్లోకి చొరబడుతోందని ఆ అబ్బాయే కనిపెట్టాడు. పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి, బీకరుని అందులో పెట్టి, డబ్బాని సర్క్యూట్ గ్రౌండుకి కలిపేసరికి గీత నున్నగా అయింది. కరెంటు గీతలో వచ్చే రెండు శిఖరాల మధ్య దూరం పుస్తకం ప్రకారం సుమారు 59 మిల్లీవోల్టులు ఉండాలి, మాకు 120 వచ్చింది. రిఫరెన్స్ తీగని పెన్సిల్ ములుకుకి దగ్గరగా జరిపితే 85కి తగ్గింది. ద్రావణం నిరోధం తినేస్తున్న వోల్టేజి అదే, ఐఆర్ డ్రాప్. దానికోసమే పుస్తకాల్లో, రిఫరెన్స్‌ని వర్కింగ్ ఎలక్ట్రోడుకి దగ్గరగా చేర్చే సన్న గొట్టం, లగ్గిన్ కేపిలరీ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ అన్నేళ్లుగా ఎందుకు వేస్తున్నామో పిల్లలకి ఆ మధ్యాహ్నం తెలిసింది. స్కాన్ వేగం నాలుగింతలు చేస్తే శిఖరం ఎత్తు రెండింతలైంది. శిఖరం ఎత్తు స్కాన్ వేగపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందనే రాండిల్స్–షెవ్చిక్ సూత్రాన్ని ఆ తర్వాత నేను చెప్పనక్కరలేకపోయింది.

ఇదేం మేం కనిపెట్టింది కాదు. అమెరికాలో సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లోనే 80 డాలర్లలోపు ఖర్చుతో చీప్‌స్టాట్ అనేది తయారుచేసి, డిజైనంతా అందరికీ విడుదల చేశారు. పరిశోధనకి ఖరీదైన యంత్రాలు కావాలి, కాదనను. మా బ్రెడ్‌బోర్డు నానోఆంపియర్లని నమ్మకంగా చదవలేదు, ఇంపీడెన్స్ అసలు చేయలేదు. కానీ బీఎస్సీ పిల్ల నేర్చుకోవాల్సినదానికి అది చాలు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో విడవలూరు అమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. సీసాలో వాళ్ల గుంట నీళ్లు, ఫ్రేము నుంచి కోయించిన ఇనప ముక్క తెచ్చుకుంది. ముక్కకి ఎమెరీ పేపరు పట్టించి, ఒక చదరపు సెంటీమీటరు వదిలి మిగతాదంతా నెయిల్‌పాలిష్‌తో మూసింది. గంటసేపు నీళ్లలో నిలవనిచ్చి, నిలకడ వోల్టేజికి 10 మిల్లీవోల్టులు ఇటూ 10 అటూ జరిపి కరెంటు చూసింది. 1957లో స్టెర్న్, గియరీ చెప్పిన పద్ధతి. తుప్పు కరెంటు చదరపు సెంటీమీటరుకి 31 మైక్రోఆంపియర్లని తేలింది. ఇనుముకి 1 మైక్రోఆంపియరు అంటే ఏడాదికి 0.0116 మిల్లీమీటర్లు. అంటే ఏడాదికి సుమారు 0.36 మిల్లీమీటర్లు కరుగుతోంది, కదలకుండా ఉన్న నీళ్లలోనే. ఏడాది ఆగితే గాని తెలియనిది గంటన్నరలో తెలిసింది. నిలకడ వోల్టేజి రాసుకుంటూ, నేను అడగకుండానే పైకి చదివింది: "మైనస్ 0.61 వోల్టులు సార్, సిల్వర్–సిల్వర్ క్లోరైడుతో పోలిస్తే."

అందుకని మిమ్మల్ని అడిగేవి కొన్నే. బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారు ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మూడు ఎలక్ట్రోడుల ప్రయోగం కనీసం ఒకటి తప్పనిసరి చేయాలి. పరికరం పిల్లలు కట్టుకున్నదైనా సరేనని సిలబస్‌లోనే రాయాలి, లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో బిల్లేదని అడుగుతారు. యాజమాన్యాల వారు ఒక పెద్ద యంత్రానికి బదులు నలుగురికొకటి చొప్పున చిన్నవి కట్టించండి. కొన్న పెద్ద యంత్రాలు ఇప్పటికే ఉన్నచోట వాటిని పక్క కాలేజీలకి కూడా వారంలో ఒక రోజు తెరవండి. ప్రతి ఏటా రిఫరెన్స్ ఎలక్ట్రోడులకీ పొటాషియం క్లోరైడుకీ కొంత డబ్బు విడిగా పెట్టండి, సామాను కొన్నాక అసలు ఖర్చు అక్కడే. ల్యాబులో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. పరికరం పాడైతే లెక్చరర్ జీతంలో కోసే మాట ఎక్కడున్నా దయచేసి ఎత్తేయండి. లెక్చరర్లకి శిక్షణ కావాలంటే పక్క రాష్ట్రంలోనే దారి ఉంది. తమిళనాడులోని కారైకుడిలో కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధనా సంస్థ ఉంది. అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇస్తే నిలిచిన సంస్థ అది, 1953 నుంచి నడుస్తోంది. మన రెండు జిల్లాల నుంచి ఏటా పదిమంది లెక్చరర్లకైనా అక్కడ శిక్షణ ఇప్పించే ఏర్పాటు విశ్వవిద్యాలయాల స్థాయిలో అడగొచ్చు.

మా సర్క్యూట్ బొమ్మ, సామాను జాబితా, ఏ దుకాణంలో ఏది దొరుకుతుందో అంతా తెలుగులో రాసి పెట్టాను, ఎవరడిగినా జిరాక్సు ఇస్తాను. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మా ల్యాబు తెరిచే ఉంటుంది. మీ లెక్చరర్లని, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పంపండి. కట్టిన పరికరాన్ని వాళ్లే తీసుకెళ్లొచ్చు. వచ్చేటప్పుడు మీ ఊరి బోరు నీళ్లు ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో తెమ్మనండి. ఫ్లోరైడు కొలిచే నీళ్లకి గాజు సీసా వద్దు.

ఇట్లు,
మీ విధేయుడు,
కావలి ప్రాంతపు ఒక కెమిస్ట్రీ లెక్చరర్